చదువు మానేసిన ఎంగెల్‌హోర్న్ పక్కన ఎవరున్నారు?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ కెమికల్ మూడో సంవత్సరం. బీఏఎస్ఎఫ్ అనే పెద్ద రసాయనాల కంపెనీ పెట్టిన ఫ్రీడ్రిష్ ఎంగెల్‌హోర్న్ అనే జర్మన్‌కు డిగ్రీయే లేదని ఎక్కడో చదివాడు. తానూ కాలేజీ మానేసి ఫినాయిల్, రంగుల యూనిట్ పెడతానంటున్నాడు. ఎకరం పొలం అమ్మమంటున్నాడు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? — ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీవాడు చెప్పింది నిజమేనండీ. ఎంగెల్‌హోర్న్ 1821లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో పుట్టాడు. తండ్రిది బీరు తయారీ. ఎంగెల్‌హోర్న్ స్కూలు చదువు మధ్యలో వదిలేసి కంసాలి పని నేర్చుకున్నాడు. ఊళ్లు తిరిగి పని చేసి, సొంతూరు వచ్చి నగల పని పెట్టుకున్నాడు. కెమిస్ట్రీ ఆయన ఎక్కడా చదువుకోలేదు.

కానీ అక్కడి నుంచి బీఏఎస్ఎఫ్ దాకా ఎలా వచ్చాడో కూడా మీవాడు చదవాలి. 1848లో గ్యాస్ వ్యాపారంలో దిగాడు. 1851 నుంచి మాన్‌హైమ్ వీధిదీపాలకు గ్యాస్ ఇచ్చే ప్లాంట్‌ను భాగస్వాములతో కలిసి నడిపాడు. గాలి చొరకుండా బొగ్గును కాలిస్తే గ్యాస్ వస్తుంది, కోక్ అనే గట్టి బొగ్గు మిగులుతుంది, దాంతోపాటు నల్లటి తారు దిగుతుంది. ఆ తారు ఎవరికీ పెద్దగా పనికొచ్చేది కాదు. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ ఆనిలిన్ అనే రసాయనం నుంచి ఊదా రంగు తీశాడు. ఆనిలిన్‌కు మూలం తారే, అది ఎంగెల్‌హోర్న్ దగ్గర పోగుపడి ఉంది. 1861లో రంగుల ఫ్యాక్టరీ మొదలుపెట్టాడు. అంటే, అప్పటికే పదేళ్లకు పైగా గ్యాస్ వ్యాపారంలో నలిగినవాడు. ముడిసరుకు చేతిలో ఉంది, డబ్బు పెట్టే భాగస్వాములున్నారు.

యాసిడ్, సోడా ఇతరుల దగ్గర కొనకుండా అన్నీ ఒకే చోట తయారు చేయాలన్న ఆలోచనతో 1865 ఏప్రిల్ 6న బీఏఎస్ఎఫ్ పుట్టింది. మాన్‌హైమ్‌లో స్థలం కుదరక, రైన్ నది అవతల లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఫ్యాక్టరీ కట్టారు.

ఇక అసలు సంగతి. ఎంగెల్‌హోర్న్ కెమిస్ట్రీ తెలిసినవాళ్లను వెతికి మరీ తెచ్చుకున్నాడు. కెమిస్టులైన క్లెమ్ సోదరులు మొదటి నుంచీ ఉన్నారు. 1868లో హైన్‌రిష్ కారోను తీసుకున్నాడు. ఆయన అంతకుముందు మాంచెస్టర్‌లో రంగుల కంపెనీలో పనిచేసినవాడు. అదే ఏడాది బెర్లిన్‌లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు అలిజరిన్ అనే ఎరుపు రంగును ల్యాబ్‌లో తయారు చేశారు. అంతవరకూ ఆ ఎరుపును మంజిష్ఠ జాతి మొక్కల వేళ్ల నుంచే తీసేవారు. వాళ్ల పద్ధతిలో ఖరీదైన బ్రోమిన్ కావాలి, ఫ్యాక్టరీకి గిట్టదు. సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో చేసే చవకైన దారిని కారో పట్టుకున్నాడు. 1869 జూన్ 25న కారో, గ్రేబె, లీబర్‌మన్ కలిసి ఇంగ్లండ్‌లో పేటెంట్‌కు దరఖాస్తు పెట్టారు. అదే పద్ధతికి పెర్కిన్ పెట్టింది మర్నాడు! ఒక్క రోజు తేడా. ఈ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మన పెడన కలంకారీలో పటిక అద్దిన బట్టను ఉడకబెట్టేది ఆ అలిజరిన్‌లోనే. ఒకప్పుడు అక్కడ ఎరుపుకు చిరివేరు వాడేవారు.

మీవాడు ఎంగెల్‌హోర్న్ కావాలనుకుంటున్నాడు. చేతిలో ఉన్నదేమో కారో చదువు. ఎంగెల్‌హోర్న్ జీతమిచ్చి తెచ్చుకున్న విద్యను మీవాడు మరో మూడు సెమిస్టర్లలో సొంతం చేసుకోగలడు. చిన్న యూనిట్‌లో కెమిస్టుకు జీతం ఇచ్చే స్తోమత మొదట్లో ఉండదు, కాబట్టి ఆ చదువు అతనికే కావాలి. దయచేసి చదువు మాన్పించకండి. పొలం అమ్మకండి.

అలాగని ఆ ఉత్సాహాన్ని చంపకండి, అది నాకు చాలా విలువైనదిగా కనిపిస్తోంది. ఈ వేసవిలో పరవాడ ఫార్మా సిటీలోనో హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ యూనిట్‌లోనో ఇంటర్న్‌షిప్ చేయమనండి. వాడిన సాల్వెంట్లను (మందుల తయారీలో కరిగించడానికి వాడే ద్రవాలను) తిరిగి తీసే చోట, వ్యర్థ జలాల ప్లాంట్‌లో వేయమని అడగమనండి. నేటి తారు, అంటే ఇంకా ఎవరూ పట్టించుకోని వ్యర్థం, అక్కడే దొరుకుతుంది. కాలుష్య నియంత్రణ మండలి నుంచి యూనిట్ కట్టడానికి ఒక అనుమతి, నడపడానికి మరో అనుమతి ఎలా తీసుకుంటారో అక్కడివాళ్లనే అడగమనండి.

ఫినాయిల్ మాటకొస్తే, తెనాలిలో పది షాపులు తిరిగి ఏ సరుకు ఎంతకు కొంటున్నారో, ఎన్ని రోజులు అప్పు అడుగుతారో కాగితం మీద రాసుకు రమ్మనండి. ఆ కాగితం నాకు పంపండి. అతనితో కూర్చుని లెక్క వేస్తాను.