రియాద్ వెళ్తున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీస్సులు.

నీకు రియాద్‌లో ఎలక్ట్రీషియన్ పని కుదిరిందని మీ అమ్మ చెప్పగానే ఎంతో గర్వపడ్డాను. 2030 ఎక్స్‌పో కోసం, 2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం ఆ నగరంలో సాగుతున్న నిర్మాణాలకు నీలాంటి పనిమంతులు కావాలి. అయితే ఏజెంటు ఇప్పిస్తానన్నది, ఎక్కడైనా పని చేసుకోవచ్చంటూ అమ్మే ఆజాద్ వీసా అని తెలిసినప్పటి నుంచి నా మనసు నిలవడం లేదు.

ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకో. అతడు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. రసీదు లేనిదే పైసా ఇవ్వకు. పాస్‌పోర్టు నీ దగ్గరే ఉంచుకో.

నేను రియాద్‌లో పని చేసినప్పుడు మా గదిలో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకతను ఉండేవాడు. ఆజాద్ వీసా ఉంటే ఎవరి దగ్గరైనా పని చేసుకోవచ్చని నమ్మి, వడ్డీకి అప్పు తెచ్చి వచ్చాడు. అకామాలో, అంటే అక్కడి నివాస అనుమతి కార్డులో, ఉన్న కఫీల్ (స్పాన్సర్) ఒకరు, పని చేయించుకునేది మరొకరు. అకామా రెన్యువల్‌కు కఫీల్ అడిగినంత ఏటా ఇచ్చుకునేవాడు. ఒక ఏడు ఆ డబ్బు ఆలస్యమయ్యేసరికి, పారిపోయాడంటూ కఫీల్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేసి హురూబ్ పెట్టించాడు. ఆ తర్వాత అతనికి ఎగ్జిట్, అంటే దేశం విడిచే అనుమతి, దొరకలేదు, జ్వరమొస్తే పట్టుకుంటారని ఆసుపత్రికి వెళ్లడానికీ భయమే. ఊళ్లో తల్లి పోతే పెద్దకొడుకై ఉండీ తలకొరివి పెట్టలేకపోయాడు. 2013లో సౌదీ ప్రభుత్వం క్షమాభిక్ష గడువు ఇచ్చాక, పాస్‌పోర్టుకు బదులిచ్చే ఔట్‌పాస్ మీద ఒట్టి చేతులతో ఇల్లు చేరాడు. అంత నిజాయితీగా కష్టపడినవాడికి అలా జరిగిందంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది.

ఇప్పుడు చట్టం మారిందని నువ్వంటావు, నిజమే. కఫీల్ అనుమతి లేకుండానే కొన్ని షరతులతో కంపెనీ మారడానికీ, ఇంటికి వచ్చిపోవడానికీ 2021 మార్చి నుంచి వీలు కల్పించారు. కానీ ఇంటి డ్రైవర్లకూ గొర్రెల కాపరులకూ ఆ వెసులుబాటు ఇవ్వలేదు, ఆజాద్ పేరుతో అమ్మేవాటిలో చాలా వరకు అలాంటి వీసాలే. నీ వీసాలో ఎలక్ట్రీషియన్ అనే ఉండాలి, జీతమిచ్చే కంపెనీ పేరే ఉండాలి, ఒప్పందం సౌదీ ప్రభుత్వ కివా పోర్టల్‌లో నమోదు కావాలి.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ నీడపట్టున ఉండు, నీళ్లు తాగు. చిన్నప్పటి నుంచీ నీకు ఎండ పడదు నాయనా.

వీసా, ఒప్పందం నకళ్లు చేతికి రాగానే నాకు పంపు, సంతకానికి ముందు ఇద్దరం కలిసి చదువుదాం. కంపెనీ పేరు, వృత్తి, జీతం, వీటిలో ఏది తేడాగా ఉన్నా అక్కడితో ఆగిపో. ఏజెంటుకు కట్టిన బయానా పోతే నేనిస్తాను.

మీ మామ