నాకున్నది మామూలు కంగారా, యాంగ్జైటీనా? ఎలా తెలుస్తుంది?

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతుంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. దారిలో గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. యాంగ్జైటీలో ఆ దడ ఇంట్లో ఊరికే కూర్చున్నా వస్తుంది.

అందరూ దీన్ని మనసులో వెతుకుతారు. నన్నడిగితే ముందు ఒంట్లో చూసుకోవాలి. రోజూ తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో వెళ్లేవాణ్ణి. పాకాల దాటేసరికి భుజాలు బిగుసుకుపోయేవి, పళ్లు కరిచిపట్టి దవడ నొప్పి. మోటారు ఆపారా అని ఇంటికి మూడుసార్లు ఫోన్. (మోటారు ఎప్పుడూ ఆపే ఉండేది.) గ్యాస్ అనుకుని మాత్రలు కూడా మింగాను.

ఇవిగాక నిద్ర పట్టదు, చిరాకు, కడుపులో తిప్పడం, చదివింది తలకెక్కదు. ఆరు నెలలుగా ఎక్కువ రోజులు ఇలాగే ఉండి పనులకు అడ్డొస్తుంటే డాక్టర్లు జబ్బుగా లెక్కేస్తారు. అంతదాకా ఆగక్కర్లేదు. థైరాయిడ్ ఎక్కువైనా, కాఫీ ఎక్కువైనా ఇలాంటి దడే వస్తుంది, అందుకే రక్తపరీక్ష చేయించుకోండి. ఛాతీనొప్పి కొత్తగా వస్తే మాత్రం యాంగ్జైటీలే అనుకోకుండా నేరుగా ఆసుపత్రికే.

తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. వెళ్లడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.