ఎకనామిక్స్ చదివినవాళ్లు రోజూ ఏం పని చేస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఇంజినీరింగ్ వద్దు, ఎకనామిక్స్ చదువుతానంటోంది. మా బావమరిది కొడుకు బీటెక్ చేసి మంచి ప్యాకేజీలో ఉన్నాడు. ఆర్థికవేత్త అంటే లెక్చరరేనా? బీటెక్ డేటా సైన్స్‌తో పోలిస్తే ఏది మేలు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏం పని చేస్తారన్నది మీరు పైకి అడిగింది. ‘నలుగురూ అడిగితే ఏం చెప్పుకోవాలి?’ అన్నది లోపలి గుబులు. ముందు పని సంగతి చూద్దాం.

బడ్జెట్ రోజు టీవీలో కనబడేవాళ్లు ఈ వృత్తిలో పిడికెడు మంది. పటాన్‌చెరులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌నే తీసుకోండి. 1975లో పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరు లాంటి ఊళ్లలో ఇంటింటి లెక్కలు మొదలుపెట్టారు. ఏ చేనులో ఏం వేశారు, కూలి ఎంతిచ్చారు, అప్పు ఎక్కడ తెచ్చారు... ఏళ్ల తరబడి రాసుకున్నారు. వాన తప్పిన ఏడాది రైతు ఎలా నెట్టుకొస్తాడో ఆ లెక్కల్లోంచి తేల్చడం ఆర్థికవేత్త పని. రిజర్వ్ బ్యాంకుకు ద్రవ్యోల్బణాన్ని, అంటే ధరల పెరుగుదలను, 4 శాతం దగ్గర ఉంచడం లక్ష్యం. వడ్డీ రేటు తేల్చే కమిటీలో ఉండేది ఆరుగురే, వాళ్ల ముందుకొచ్చే అంచనాల వెనక ఆర్థికవేత్తలు చాలామంది ఉంటారు. బ్యాంకులకూ, అప్పు తీర్చే సత్తాను బట్టి కంపెనీలకు గ్రేడ్లిచ్చే రేటింగ్ సంస్థలకూ వీళ్లు కావాలి. సగం పని డేటా శుభ్రం చేయడం, మిగతా సగం పై అధికారికి అర్థమయ్యేలా నోట్ రాయడం. రాయడం విసుగనుకునే పిల్లలకు ఇది పడదు.

ఒక్క బీఏతో ఆగితే లాభం లేదు. కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల కొలువైన ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకైనా, రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగానికైనా పీజీ ఉండాలి, పోస్టులూ తక్కువే. ఎంపీసీ వృథా అవుతుందన్న బెంగ మాత్రం వద్దు. మంచి పీజీ సీట్ల దగ్గర లెక్కలు రానివాళ్లే వెనకబడతారు.

ఇక డేటా సైన్స్. సీఎస్‌ఈ పక్కన కొత్త పేరు తగిలించిన కాలేజీలు ఎన్నో. బోర్డు మారింది సరే, పాఠం చెప్పే సారు మారాడా? ‘ఎకనామిక్స్ విత్ అనలిటిక్స్’ అంటూ లక్షల ఫీజు అడిగే ప్రైవేటు యూనివర్సిటీల మీదా నాకిదే అనుమానం. ఎకనోమెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలు తేల్చే పాఠం) ఎవరు చెబుతారో అడగండి, జవాబు చెప్పలేక నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

కోపం తెచ్చుకోకండి, ఒక మాట. మీ ఉత్తరంలో బావమరిది కొడుకు ప్యాకేజీ ఉంది, అమ్మాయికి ఎకనామిక్స్ ఎందుకు నచ్చిందో లేదు. అడిగారా అసలు? ఇదేం తిరిగిరాని దారి కాదు. దువ్వూరి సుబ్బారావు గారు ఐఐటీలో ఫిజిక్స్ చదివి, ఐఏఎస్ అయి, ఆంధ్రా యూనివర్సిటీలో ఎకనామిక్స్ డాక్టరేట్ చేసి రిజర్వ్ బ్యాంకు గవర్నరయ్యారు. బీటెక్ చేసినా తర్వాత ఇటు రావచ్చు.

సెలవుల్లో అమ్మాయిని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి తీసుకెళ్లి, ఎకనామిక్స్ పీజీ పిల్లలతో మాట్లాడించండి. ఆ గంటసేపూ మీరు క్యాంటీన్‌లో కూర్చోండి.