కోళ్ళకు ఈకలు రాలుతున్నాయి, ఏం మందు వెయ్యాలి?

ప్రశ్న: మాది జనగామ దగ్గర పల్లె సార్. ఇంటెనక 14 పెట్టలు, 4 పుంజులున్నయి, సగం వనరాజా, సగం నాటువి. పోయిన దీపావళికి గుడ్లు మొదలువెట్టినయి. ఈసారి బతుకమ్మ పండుగ ముందు నుంచి ఈకలు రాలుతున్నయి. కొన్నిటికి మెడ, రొమ్ము బోసివోయినయి, మూడిటికి వీపు మీద తోలు కనవడుతుంది. రోజుకు ఏడెనిమిది గుడ్లు వచ్చేటియి, ఇప్పుడు రెండో మూడో. నూకలు, తవుడు, మిగిలిన అన్నం వేస్తం. పక్కింటోళ్ళు వేడి చేసిందన్నరు, మజ్జిగ పోస్తున్న. ఇంకొకాయన రోగం తగిలింది, అన్నీ అమ్మేయుమన్నడు. ఏం మందు వెయ్యాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ అమ్మేసే ఆలోచన ఆపండి. మీరు పంపిన ఫోటోలు నాలుగూ పెద్దగా చేసి చూశా, మీ మందలో కనీసం రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి, అందుకే మీకు గందరగోళంగా ఉంది. ఈకలు రాలాయి అనగానే మందు అడుగుతారు అందరూ, నేనైతే ముందు ఎక్కడ రాలాయి, రాలిన చోట కొత్తవి వస్తున్నాయా అని అడుగుతా. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదటి ఫోటోలో మెడ బోసిపోయిన ఎర్ర పెట్ట ఉంది చూడండి, దాని మెడ మీద నల్లగా సూదుల్లాగా పొడుచుకొచ్చినవి కనిపిస్తున్నాయి కదా, అవి కొత్త ఈకలు. అంటే అది పాత ఈకలు వదిలి కొత్తవి తొడుక్కుంటోంది. పాము కుబుసం విడిచినట్టు అనుకోండి, కాకపోతే కోడికి రెండు నుంచి నాలుగు నెలలు పడుతుంది. ఏడాది పాటు గుడ్లు పెట్టిన పెట్టలకి, పగలు పొద్దు తగ్గే ఈ రోజుల్లో ఇది మామూలే. తల, మెడ దగ్గర మొదలై రొమ్ము, ఒళ్ళు, రెక్కలు, చివరికి తోక, ఆ వరసలో పోతుంది. ఆ టైంలో గుడ్డు ఆపేస్తుంది లేదా బాగా తగ్గిస్తుంది. మీ లెక్క చూస్తే పోయిన దీపావళి నుంచి ఇప్పటికి దాదాపు ఏడాది, కాబట్టి వేడీ కాదు ఏం కాదు, మజ్జిగ మీరే తాగండి. ఇంకో మాట, ముందుగా మొదలుపెట్టి నెలల తరబడి సాగదీసే పెట్ట మామూలుగా తక్కువ గుడ్లు పెట్టే రకం, ఆలస్యంగా మొదలుపెట్టి గబగబా ఈకలు మార్చుకునేది మంచి గుడ్ల కోడి. వచ్చే ఏడాది పొదిగించడానికి ఏ పెట్ట గుడ్లు దాచాలో ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

అయితే ఇక్కడ మీ మేత దగ్గర ఇబ్బంది ఉంది. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తులే, నూటికి 85 నుంచి 90 పాళ్ళు. నూకలూ తవుడూ అన్నంతో కడుపు నిండుతుంది కానీ ఈక తయారవడానికి సరుకు ఉండదు, అందుకే కొన్ని కోళ్ళు నెలల తరబడి బోడిగానే తిరుగుతాయి, ఒకదాని ఈకలు ఒకటి పీక్కుని తినడం కూడా ఇలాగే మొదలవుతుంది. పది కిలోల మేత కలుపుకోండి: మక్కలు, నూకలు కలిపి ఐదున్నర కిలోలు, తవుడు కిలోన్నర, వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క కలిపి రెండున్నర కిలోలు, గుల్లల పొడి 300 గ్రాములు, మినరల్ మిక్స్చర్ 170 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. నువ్వుల చెక్క ఎందుకన్నానంటే ఈకకి కావలసిన మెథియోనిన్ అనే మాంసకృత్తుల సరుకు దాంట్లో బాగుంటుంది. వేరుశనగ చెక్క బూజు వాసన వస్తే మాత్రం పారేయండి, అందులో విషం ఉంటుంది, కోడి కాలేయం పోతుంది. బయట తిరిగే కోళ్ళే కాబట్టి రోజుకి ఒక్కోదానికి 40, 50 గ్రాములు సాయంత్రం గూట్లోకి వచ్చేముందు వేస్తే చాలు. ఖర్చు ఎక్కువనిపిస్తే మన పెద్దోళ్ళ పద్ధతి ఉండనే ఉంది, పాత కుండలో పేడ, గడ్డి తడిపి కూరి పుట్ట దగ్గర బోర్లిస్తే చెదలు పడతాయి, పొద్దున్నే కోళ్ళ ముందు దులపండి, చూడండి ఎట్లా ఎగబడతాయో. కొత్త ఈకలు వచ్చేటప్పుడు వాటిని ఊరికే పట్టుకోవద్దు, పిల్లలకి కూడా చెప్పండి. ఆ సూది ఈకల్లో రక్తం ఉంటుంది, విరిగితే కారుతుంది, దానికి నొప్పి.

ఇక రెండోది, వీపు మీద తోలు కనిపిస్తున్న మూడు పెట్టలు. వాటికి వీపు మీద, తల వెనక మాత్రమే పోయాయి, మిగతా ఒళ్ళంతా బాగానే ఉంది, పైగా గీతల్లాగా గోరు దెబ్బలు ఉన్నాయి. ఇది మీ పుంజుల పని. ఎక్కేటప్పుడు గోళ్ళతో వీపు, ముక్కుతో తల వెనక పట్టుకుంటాయి, రోజూ అవే పెట్టల మీద పడితే ఈక మిగలదు. 8, 10 పెట్టలకి ఒక పుంజు చాలు, మీకు 14 పెట్టలకి నాలుగు! ఒకటి, మహా అయితే రెండు ఉంచుకుని మిగతావి వేరు చెయ్యండి. ఉంచిన పుంజుకి కాలి వెనక ముల్లు మొన ఆకురాయితో కొంచెం మొద్దు చెయ్యండి. ఆ మూడు పెట్టల్నీ ఓ పది రోజులు తడిక అడ్డం పెట్టి విడిగా ఉంచి, గాయానికి పసుపు వేపనూనె కలిపి రాయండి, ఎర్రగా కనిపిస్తే మిగతా కోళ్ళు అక్కడే పొడుస్తాయి, అది చాలా పాడు అలవాటు, ఒకసారి రుచి మరిగితే మాన్పించడం కష్టం. బలపడిన ఈక విరిగి మొదలు తోల్లోనే ఉండిపోతే కొత్తది త్వరగా రాదు, వచ్చేసారి ఈకలు మార్చుకునే దాకా అలాగే ఉండొచ్చు, కంగారు పడొద్దు.

ఫోటోల్లో తెలియనిది పేల సంగతి. అది మీరే చూడాలి. పగలు ఒక పెట్టని పట్టుకుని తోక ఎత్తి, రెట్ట వేసే చోట ఈకల్ని ఊదండి. గడ్డి రంగు పురుగులు గబగబా పరిగెత్తితే, ఈక మొదట్లో తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటే అవి పేలు. రాత్రి టార్చి వేసుకుని గూడు కర్రల సందులు కూడా చూడండి, తెల్ల గుడ్డతో కర్ర కింద గట్టిగా తుడిస్తే ఎర్రటి మరకలు పడ్డాయంటే రక్తం తాగే మైట్స్ అనే సన్న పురుగులు ఉన్నట్టు, ఇవి పగలు సందుల్లో దాక్కుంటాయి కాబట్టి కోడి మీద ఎంత వెతికినా కనపడవు, చాలామంది ఇక్కడే మోసపోతారు. కోడికి మందు పూసి గూడు వదిలేస్తే వారానికి మళ్ళీ మొదటికే.

పేలు ఉంటే ఓ పాత టబ్బులో పొయ్యి బూడిద, సన్నటి పొడి మన్ను కలిపి పెట్టండి, పొర్లి వాటి పని అవే చేసుకుంటాయి. పొదిగే పెట్ట కింద వాయిలాకు పరవండి. సీతాఫలం గింజల పొడి కూడా పనిచేస్తుంది, ఇప్పుడు సీజనే కదా, కాకపోతే కంట్లో పడితే మీకూ కోడికీ చాలా ప్రమాదం, కాబట్టి నేను అంతగా చెప్పను. గూటికైతే కోళ్ళు, మేత, గుడ్లు అన్నీ బయటపెట్టి డెల్టామెత్రిన్ 1.25 శాతం మందు లీటరు నీళ్ళకి 2 మి.లీ. కలిపి సందుల్లోకి వెళ్ళేలా కొట్టి, బాగా ఆరాక కోళ్ళని వదలండి, పది రోజులకి ఇంకోసారి, ఎందుకంటే మొదటిసారి గుడ్లు చావవు. కోడి ఒంటి మీద ఏదైనా మందు వాడాలంటే మీ పశువుల డాక్టరుని అడిగి, గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా అడిగి వాడండి. పత్తికి కొట్టే మందులు మాత్రం దయచేసి వద్దు. పోయినేడు ఒకాయన పేల కోసం పొలం మందులో ముంచి తెల్లారేసరికి తొమ్మిది కోళ్ళు పోగొట్టుకుని నాకు ఫోన్ చేశాడు, అప్పుడు నేను మాత్రం ఏం చెయ్యను.

రోగం అన్నాయన మాటకి: కొక్కెర తెగులైతే కోడి మేత మానేసి ముడుచుకు కూర్చుంటుంది, నోరు తెరిచి గురగురమంటుంది, పచ్చగా పారుతుంది, మెడ తిరిగిపోతుంది. ఈకలు రాలి హుషారుగా తిరిగే కోడికి ఆ భయం లేదు. టీకా వేయించకపోతే ఈకలన్నీ వచ్చాక వేయించండి, ఇప్పుడు దాని ఒంటికి పని ఎక్కువ.

తీసేసే పుంజులు ఇప్పుడే అమ్మకండి. వేరుగా కట్టేసి మక్కలు పెట్టండి, సంక్రాంతికి రేటు బాగుంటుంది. పేలు చూశాక, గూడు కర్ర తుడిచిన ఆ గుడ్డ ఫోటో ఒకటి పంపండి.