ఫోన్లలో నెట్ వస్తాంది, కంప్యూటర్‌లో రాదు!

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. పోయిన నెల పాత కనెక్షన్ తీసేసి ఫైబర్ వేయించుకున్నాము. ఫోన్లలో వైఫై బాగానే వస్తాంది కానీ కేబుల్ పెట్టిన కంప్యూటర్‌లో మాత్రం అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్, నో ఇంటర్నెట్ అని పడతాంది. డెస్క్‌టాప్ మీదుండే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ నొక్కితే ఎర్రర్ 651 అంటాంది. షాపులో చూపిస్తే విండోస్ ఫార్మాట్ కొట్టాల అన్నారు. మా పాప చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉండాయి, భయమేస్తాంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే 192.168.0.50, గేట్‌వే (అంటే రూటర్ నంబర్) 192.168.0.1 అని వచ్చింది. ఫోన్‌లో 192.168.1.6 ఉంది.

జవాబు: అక్కా, ఫార్మాట్ మాటే ఎత్తొద్దండి. ఫోన్లకు నెట్ వస్తాందంటే లైనూ బాగుంది, రూటరూ బాగుంది, తేడా అంతా ఆ కంప్యూటర్ సెట్టింగ్‌లోనే. మీరు ఆ నంబర్లు రాసి పంపినారు చూడండి, దాంతోనే విషయం బయటపడింది. చుక్కలతో విడదీసిన నంబర్లలో మూడోది ఫోన్‌లో 1, కంప్యూటర్‌లో 0. ఇళ్ళల్లో మామూలుగా రూటర్‌కూ కంప్యూటర్‌కూ మొదటి మూడు నంబర్లూ కలిస్తేనే ఒకదానికొకటి కనపడతాయి, అందుకే మీ కంప్యూటర్ ఇంకా ఆ తీసేసిన పాత రూటర్ కోసమే వెతుక్కుంటాంది. అప్పట్లో ఎవరో వచ్చి ఆ నంబర్ చేత్తో కొట్టి పోయుంటారు, కొత్త రూటర్ తనంతట తాను నంబర్ ఇస్తానన్నా ఇది తీసుకోదు.

ఇట్ల చేయండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే చిన్న డబ్బా వస్తుంది, అందులో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) అని ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. ఈథర్‌నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4, మళ్ళీ ప్రాపర్టీస్. అక్కడ కనపడే నంబర్లను ముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత పైన ఆబ్‌టెయిన్ యాన్ ఐపీ అడ్రస్ ఆటోమేటికల్లీ, కింద డీఎన్ఎస్‌కు (సైట్ పేరును నంబర్‌గా మార్చేది) కూడా అట్లాంటిదే ఇంకోటి ఉంటుంది, రెండూ పెట్టి ఓకే కొట్టండి. ఆ కింది దాన్ని చాలామంది వదిలేస్తారు. ఎర్రముక్కపల్లిలో మా బావ వాళ్ళింట్లో నేనే పైది మార్చి కిందిది చూసుకోలేదు, నెట్ కనెక్టెడ్ అంటాంది, ఒక్క సైటూ తెరుచుకోదు, రెండు రోజులు ఊరికే కేబుళ్ళు మార్చుకుంటా కూర్చున్నాము.

ఇప్పుడు మళ్ళీ ఐపీకాన్ఫిగ్ కొట్టండి. 192.168.1 తో మొదలైతే పని అయిపోయినట్టే. 169.254 తో మొదలైతే మాత్రం రూటర్ దగ్గర్నుంచి నంబర్ అందలేదని అర్థం, అప్పుడు కేబుల్ చూడాల. చివర్న ప్లాస్టిక్ క్లిప్ ఇరిగిపోయుంటే పెట్టినప్పుడు టిక్ మని శబ్దం రాదు, కొంచెం కదిలిస్తే ఊడొస్తుంది. కేబుల్ మార్చండి, లేదా రూటర్ వెనకాల ఇంకో లాన్ పోర్టులో పెట్టి చూడండి. నంబర్ సరిగ్గా ఉండి కూడా సైట్లు రాకపోతే ఐపీకాన్ఫిగ్ కొట్టిన చోటే పింగ్ 8.8.8.8 (గూగుల్ వాళ్ళ సర్వర్ నంబర్) అని కొట్టండి, రిప్లై వస్తాంటే లైను పనిచేస్తాంది, డీఎన్ఎస్ ఒకటే తేడా.

ఆ 651 గురించి దిగులొద్దు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి డయల్ చేసే పని ఇప్పుడు రూటరే చూసుకుంటుంది కాబట్టి ఆ ఐకాన్ మీకు అక్కర్లేదు, తీసేయండి. ఒక్కటి మాత్రం దయచేసి గుర్తుంచుకోండి, రూటర్ వెనకాల సన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ చేయొద్దండి, దాంట్లో ఉండే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పోతే ఇప్పుడు పనిచేసే ఫోన్లు కూడా ఆగిపోతాయి. పాప ఫొటోలు ఈ రోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, నెట్ బాగైనా సరే.

ప్రశ్న: గుత్తిలో ఉంటాము. గాలీవాన తర్వాత ఫైబర్ డబ్బా మీద ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా కొట్టుకుంటాంది. ఏ సెట్టింగ్ మార్చాల?

జవాబు: ఏదీ మార్చొద్దండి. ఆ ఎర్ర లైటుకు అర్థం ఫైబర్‌లో వెలుగు మీ ఇంటిదాకా రాలేదని. సన్న ఫైబర్ వైరు బీరువా కిందో, తలుపు సందులోనో నలిగిందేమో చూడండి, మడత పడుంటే మెల్లగా సరిచేయండి. అప్పటికీ ఎర్రగానే ఉంటే బయట ఎక్కడో తెగుండొచ్చు, కనెక్షన్ ఇచ్చిన వాళ్ళు వచ్చి చూడాల్సిందే. ఆ వైరు ఊడదీసి కొస లోపలికి మాత్రం కన్ను పెట్టి చూడొద్దు, పిల్లోళ్ళనూ చూడనీయొద్దు, అందులో వచ్చేది కంటికి కనపడని లేజర్.