శివారు చేను, సాలెగూడు గెలాక్సీ

రావులపాలెం

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. తొలినాటి విశ్వంలోని భారీ గెలాక్సీల చుట్టూ ఉండే వాయువును, సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున గోదావరి లంకలను కమ్మే మంచుతో పోల్చావు. వినడానికి బాగుంది కానీ, పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. మంచు కదలకుండా కమ్ముకొని, ఎండెక్కగానే విడిపోతుంది. ఈ వాయువు గెలాక్సీలోకి పడుతూ, నక్షత్రాలుగా మారుతూ, పేలిన నక్షత్రాల ధాటికీ నడిమి కృష్ణబిలం ధాటికీ బయటికి తోసుకొస్తూ, అందులో కొంత తిరిగి లోపలికే చేరుతూ ఉంటుంది. పైగా అది ఎంత పలచనంటే, మన ప్రయోగశాలల్లో శూన్యమని పిలిచేది కూడా దానికంటే ఎన్నో రెట్లు చిక్కన.

మన చేలనే చూడు. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు కాలువల వెంట చేలల్లోకి వచ్చి, మిగిలింది మురుగు కాలువలోకి దిగుతుంది; కాలువ నీరందని శివారు రైతు అక్కడ ఇంజన్ పెట్టి ఆ నీటినే మళ్లీ తోడుకుంటాడు. దాళ్వాలో, అంటే రెండో పంటకు, మా నాన్నగారు అలా తోడించిన రాత్రులు నాకింకా గుర్తే. గొట్టంలోంచి పడే నీరు పై చేల బురదతో, కుళ్లిన గడ్డి వాసనతో వచ్చేది. ఒకసారి చేలో తిరిగొచ్చిన నీరని ఆ వాసనే చెప్పేది.

ఖగోళ శాస్త్రజ్ఞులు పట్టుకున్నదీ అలాంటి వాసననే. వెయ్యి కోట్ల సంవత్సరాలకు పైగా ప్రయాణించిన కాంతిలో మనకు కనిపించే స్పైడర్‌వెబ్, అంటే సాలెగూడు గెలాక్సీ చుట్టూ, సుమారు రెండు లక్షల కాంతి సంవత్సరాల మేర చల్లని వాయువు పరచుకొని ఉందని 2016లో ప్రకటించారు. చల్లని హైడ్రోజన్ అణువులు తమంతట తాము మెరవవు కాబట్టి, వాటితో కలిసి ఉన్న కార్బన్ మోనాక్సైడ్ జాడను పట్టుకున్నారు. కార్బన్, ఆక్సిజన్ నక్షత్రాల కడుపులో తయారయ్యేవే గనుక, అది ఒకసారి నక్షత్రాల గుండా వచ్చిన వాయువన్నమాట. అందులోనే మళ్లీ కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే. దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు బాధనిపించింది.

‘చల్లని’ అనే మాటకున్న రెండర్థాలను కలిపేశావు. కంప్యూటర్ నమూనాల్లో గెలాక్సీలోకి జారే చల్లని ధారలు దాదాపు 10 వేల డిగ్రీలవి. చుట్టూ ఉన్న వాయువు 10 లక్షల డిగ్రీలు దాటి కాగుతుంటుంది కాబట్టి వాటికా పేరు. సాలెగూడులోది సున్నా డిగ్రీల సెల్సియస్‌కు ఎంతో దిగువన, నిజంగానే చల్లనిది.

వెలిగే వాయువు మనకెలా కనబడుతుందో కూడా రాయి. హైడ్రోజన్ 121.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న అతినీలలోహిత కాంతిని వెలువరిస్తుంది. ఎస్‌ఎస్‌ఏ22 అనే ఆకాశ ప్రాంతంలో కనుగొని 2000లో ప్రకటించిన రెండు మహామేఘాల నుంచి బయలుదేరిన ఆ కాంతి, విశ్వ వ్యాకోచంతో సాగి సాగి, ఇక్కడికి చేరేసరికి సుమారు 497 నానోమీటర్ల నీలి ఆకుపచ్చ అయింది.

కాలువ పోలికను కూడా చివరిదాకా లాగకు. మన నీటికి లాకులున్నాయి, వాటిని తిప్పే లస్కర్లున్నారు. అక్కడ వాయువును లాగేది ప్రధానంగా కంటికి కనబడని కృష్ణపదార్థపు గురుత్వం, దానికి తలుపులు లేవు.

మంచు పేరా తీసేసి, కార్బన్ మోనాక్సైడ్‌తో మొదలుపెట్టి మళ్లీ పంపు. దాళ్వా కోతలకు ముందే చదివి జవాబు రాస్తాను.