బట్టీపట్టి అప్పజెబితే డిబేట్ అవుతుందా?

ప్రశ్న: మా కమ్యూనిటీలో హైస్కూల్ పిల్లలకి ఏటా డిబేట్ పోటీ పెడుతున్నాం. టాపిక్ చాలా ముందుగానే ఇస్తాం. అయినా ప్రతిసారీ ఒకటే తంతు: స్టేజీ ఎక్కడం, బట్టీపట్టింది గడగడా అప్పజెప్పడం, దిగిపోవడం. అవతలివాళ్ళు ఏమన్నారో ఎవరికీ పట్టదు. ఏం చేస్తే మారుతుంది? – ఒక నిర్వాహకురాలు

జవాబు: పేరు డిబేట్ అని పెట్టారు గానీ మీ దగ్గర జరుగుతున్నది వక్తృత్వ పోటీ అండి. పిల్లల్ని అని లాభం లేదు. ముందు మీ మార్కుల షీట్ తీసి చూడండి. ఉచ్చారణ, హావభావాలు, ధైర్యం, సమయపాలన అని గళ్ళు గీసి, ఎదుటివాళ్ళ వాదానికి జవాబు చెప్పినందుకు ఒక్క మార్కు కూడా పెట్టకపోతే ఏ పిల్లాడైనా ఎందుకు వింటాడు, తన వంతు వచ్చేదాకా తన కాగితమే నెమరేసుకుంటూ కూర్చుంటాడు.

ఒక ఉదాహరణ చూడండి. మోషన్ (అంటే చర్చకి పెట్టే ప్రతిపాదన): 'హైస్కూల్లో హోంవర్క్ రద్దు చేయాలి'. అనుకూలంగా మాట్లాడిన అమ్మాయి, హోంవర్క్ వల్ల పిల్లలకి నిద్ర చాలడం లేదంది. తర్వాత లేచిన అబ్బాయి 'హోంవర్క్ క్రమశిక్షణ నేర్పుతుంది' అని మొదలుపెట్టి, నిద్ర ఊసే లేకుండా ముగించాడు. ఇద్దరూ బాగానే మాట్లాడారు, కానీ ఒకరి మాట ఒకరికి తగల్లేదు. అదే అబ్బాయి, 'నిద్ర చాలడం లేదన్నారు, ఒప్పుకుంటున్నాను. అయితే అది హోంవర్క్ ఎక్కువైనందువల్ల వచ్చిన ఇబ్బంది. మోతాదు తగ్గిస్తే పోయేదానికి మొత్తంగా రద్దు దేనికి?' అని ఉంటే? ఇప్పుడు ఆ అమ్మాయి టీమ్ తప్పనిసరిగా దీనికి జవాబు వెతుక్కోవాలి. డిబేట్ మొదలయ్యేది అక్కడే.

1988లో మొదలైన వరల్డ్ స్కూల్స్ డిబేటింగ్ ఛాంపియన్‌షిప్ పద్ధతిలోంచి కొన్ని అరువు తెచ్చుకోండి. అందులో పక్షానికి ముగ్గురు, ఒక్కొక్కరికి 8 నిమిషాలు. మొదటి నిమిషం, చివరి నిమిషం వదిలేసి మధ్యలో అవతలి టీమ్ వాళ్ళు లేచి చిన్న ప్రశ్న వేయొచ్చు, తీసుకోవడమా వద్దా అన్నది మాట్లాడేవాళ్ళ ఇష్టం. చివర్లో ప్రతి పక్షానికీ 4 నిమిషాల ముగింపు ప్రసంగం ఉంటుంది, అందులో కొత్త వాదనలు తేకూడదు. మార్కుల్లో విషయానికి 40, శైలికి 40, వ్యూహానికి 20. ఎదుటివాళ్ళ వాదనలో అసలు పట్టు ఎక్కడుందో కనిపెట్టి దానికే టైమ్ కేటాయించారా అన్నది కూడా ఈ వ్యూహంలోకే వస్తుంది. కొత్తవాళ్ళకి 8 నిమిషాలు మరీ ఎక్కువ, 4 పెట్టండి చాలు. కాకపోతే రెండో స్పీకర్ నుంచి, టైమ్‌లో కనీసం సగం ఎదుటివాళ్ళకి జవాబు చెప్పడానికే వాడాలని రూల్ పెట్టండి. ఒక రౌండ్‌కైనా మోషన్ గంట ముందే ఇచ్చి, ఫోన్లు తీసేసుకోండి. ఆ పోటీలో కూడా అప్పటికప్పుడు ఇచ్చే మోషన్లకి గంటే టైమ్. పెద్దవాళ్ళు రాసిచ్చే స్పీచ్‌ల బెడద కూడా దాంతోనే వదులుతుంది. (మొదటి ఏడాది గొణుగుళ్ళు తప్పవు, వినపడనట్టు ఉండండి.)

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. 'స్కూల్లో ఫోన్లు నిషేధించాలి' అన్న మోషన్‌కి చీటీలో నాకు అనుకూల పక్షం వచ్చింది. నాకేమో నిషేధం అస్సలు నచ్చదు. నమ్మనిది చెబితే అబద్ధం ఆడినట్టు కాదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: కాదమ్మా. పక్షాలు చీటీల్లో తేలాయని హాల్లో అందరికీ తెలుసు, అది నీ సొంత అభిప్రాయమని ఎవరూ అనుకోరు. లేని లెక్కలు పుట్టించి చెప్పావనుకో, అప్పుడు మాత్రం అబద్ధమే.

నీకు ఇంకో వీలు కూడా ఉంది. మోషన్‌కి అర్థం చెప్పే బాధ్యత అనుకూల పక్షానిదే కాబట్టి, 'నిషేధం అంటే క్లాసులు జరిగే వేళల్లో ఫోన్ పక్కన పెట్టడం' అని మొదట్లోనే చెప్పు. ఇది నువ్వు కూడా సగం ఒప్పుకునే మాటే అయ్యుంటుంది. మరీ మెలిపెట్టి 'ఫోన్లంటే ల్యాండ్‌లైన్లు' అంటే జడ్జిలు ఊరుకోరులే. ఇక నిషేధం ఎందుకు వద్దో నీకు బాగా తెలుసు కదా, ఆ కారణాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికీ ఎదురుగా జవాబు వెతుకు. ఎదుటి టీమ్ రేపు అడగబోయేవి అవే. జవాబు దొరకనిది ఒకటి ఉంటే దాన్ని దాచకు, 'ఈ నష్టం ఉంది, అయినా లాభం ఎక్కువ' అని నువ్వే ముందు చెప్పేయ్.

ప్రశ్న: జడ్జిలుగా తల్లిదండ్రులు కూర్చోవచ్చా? పోయినసారి పెద్ద గొడవైంది. – ఒక వాలంటీర్

జవాబు: కూర్చోవచ్చు, తమ పిల్లలున్న రౌండ్‌కి మాత్రం వద్దు. జడ్జిలు ముగ్గురుంటే టై గోల ఉండదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఎవరి షీట్ వాళ్ళు నింపి ఇచ్చేయాలి. ఫలితం చెప్పేటప్పుడు ఎందుకు గెలిచారో, ఏ వాదనకి జవాబు రాక ఓడిపోయారో రెండు నిమిషాలు వివరించమనండి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. ప్రేక్షకుల ఓటుతో గెలుపు తేల్చాలనుకుంటే డిబేట్‌కి ముందోసారి, తర్వాతోసారి ఓటు తీసుకుని, ఎక్కువమంది మనసు మార్చిన పక్షాన్ని చూసే పద్ధతి ఒకటుంది, కానీ హాలు నిండా బంధువులే ఉంటే దాన్ని సరదా బహుమతికి ఉంచుకోండి.